పచ్చబొట్టు లేని చెయ్యి

విజయనగరంలో ఒక వాచీల కొట్టు. కానిస్టేబుల్ పరుగు పరీక్షకి తయారవుతున్న మనవరాలి వెంట మామ్మ కూడా వచ్చింది.

“ఛాతీకి పట్టీ కట్టక్కర్లేదు మామ్మా. గుండె ఎంత కొట్టుకుంటన్నాదో ఈ వాచీయే సూపిస్తాది. నీ సేతికి పెట్టి సూడు.”

“అంకె లేదు, గీతలే కనిపిస్తన్నాయి. నా గుండె ఆగిపోనాదేటే?”

“పచ్చబొట్టు మీద పెట్టావు. దీని వెలుగు ఆ నలుపు దాటి లోపలికి పోదు.”

“అది మీ తాత పేరు. బతికున్నప్పుడూ నన్ను మాటాడనిచ్చేవాడు కాదు.”

“ఆ రెండో సెయ్యి ఇయ్యి. ఇదిగో, తొంభై.”

“ఆయన పొలం గట్టు మీద పరిగెడుతూనే గుండె ఆగి కూలిపోనాడు. నిన్ను పరుగుకి పంపడానికి అందుకే నా మనసు ఒప్పుకోదు.”

“వాచీ నాకు పెట్టు. ఇక్కడే నిలబడి పరిగెడతాను, సూడు.”

“ఓలమ్మో, నూట యాభై. ఆగవే.”

“ఆగాను. ఇప్పుడు దాన్నే సూస్తుండు.”

“నూట ముప్పై... నూట పది... దిగిపోతన్నాదే. ఎంత బాగా దిగుతన్నాదే తల్లీ.”

“మరి పంపిస్తావా?”

“ఇంకోపాలి పరిగెట్టు. ఈపాలి వీధి సివరిదాకా పోయి రా. వాచీతో పారిపోయావని ఈ కొట్టు బాబు అనుకోకుండా నేనిక్కడే కూసుంటాను.”