గీత మీద కాలు

నోరు ఇంకాస్త తెరవండక్కా. మొన్న ఆదివారం నా మీద "అవుట్!" అని అరిచినప్పుడు ఎంత తెరిచారో, అంత. ఆఁ, అదీ.

అబ్బబ్బ, ఆ అరుపేంటక్కా! పక్క మైదానంలో వాళ్ళు కూడా ఆట ఆపేశారు. సొంత తోడికోడలని కూడా చూడలేదు మీరు.

మాట్లాడకండి, నోట్లో దూది ఉంది. పెదవి మొద్దుబారిందా? మంచిది. నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తండి, ఆపేస్తాను. ఇది నా క్లినిక్కు, ఇక్కడ నేనే మాట్లాడతాను. ఇంట్లో పన్నెండేళ్ళుగా మీరు మాట్లాడుతున్నారుగా!

అసలు తప్పంతా ఆ ఆటదే. అంపైరు లేని ఆట ఏం ఆటండీ? ఫ్రిస్బీ విసిరేది మనమే, పట్టేది మనమే, తగువొస్తే తీర్పు చెప్పేదీ మనమే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు! ఆ ఫ్రిస్బీ డిస్కు పట్టుకున్నాక మొదట నేలకి ఆనే కాలు గీత లోపల పడాలి, గీత మీద పడ్డా అవుటే. మీరే నేర్పించారు నాకు, వంటింట్లో గచ్చు మీద చాక్‌పీసుతో గీత గీసి మరీ. అత్తయ్య అది చూసి "ఇల్లు పంచుకుంటున్నారా ఏంటే?" అని లబోదిబోమన్నారు కదూ? అయ్యో, నవ్వకండి, డ్రిల్లు జారుతుంది.

మొన్న మాత్రం ఏమైంది? మీ జట్టూ మా జట్టూ చెరో పన్నెండు. ఆ ఒక్క పాయింటు ఎవరిదైతే వాళ్ళే ఫైనల్‌కి. మైదానం చివర, పడితే పాయింటొచ్చే గడిలో ఎగిరి పట్టాను. మీరు జానెడు దూరంలో ఉన్నారు. మీరు అవుటన్నారు, నేను కాదు లోపలే అన్నాను. నేను అవుటని ఒప్పుకుంటే డిస్కు మీ జట్టుకొచ్చేది; ఇద్దరూ పట్టు విడవకపోతే ఏముంది, డిస్కు విసిరినవాళ్ళ చేతికే తిరిగెళ్తుంది. మా వాళ్ళు మళ్ళీ విసిరారు, ఈసారి గడి నట్టనడుమ పట్టాను. గెలిచాం.

మీరు పోట్లాడుంటే ఎంత బాగుండేదక్కా! మీరు నాలుగు తిడితే నేనూ నాలుగు తిట్టి, ఇంటికొచ్చి హాయిగా పడుకునేదాన్ని. మీరేమో ఓడిపోయాక నా భుజం తట్టి, "నువ్వు అబద్ధమాడవు, నా కళ్ళే మోసం చేసుంటాయి" అన్నారు. పైగా ఆట అయ్యాక ఎదుటి జట్టు మర్యాదకి మార్కులేస్తాం కదా, ఆ కాగితంలో నిజాయితీ దగ్గర మాకు నాలుగుకి నాలుగు!

ఉమ్మెయ్యండి. ఆ గిన్నెలో. మళ్ళీ తెరవండి.

అదీ పోనీలే అనుకున్నాను. ఇవాళ ఈ కుర్చీలో కూర్చుంటూ ఏమన్నారు మీరు? ఈ కొత్త కళ్ళజోడేంటక్కా అంటే, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చానన్నారు. చూపు బాగానే ఉందమ్మా అని ఆయన మొత్తుకుంటున్నా పట్టుబట్టి రాయించుకున్నారట! జెర్సీ కూడా మీ కెప్టెన్‌కి తిరిగిచ్చేశారట, "తప్పుడు అవుట్లు చెబుతూ ఆడలేను" అని. ఎన్నేళ్ళ ఆటక్కా మీది! నా మాట పట్టుకుని వదిలేస్తారా?



ఇదిగో, డ్రిల్లు పక్కన పెట్టేశాను, భయపడకండి. పంట్లో సిమెంటు పెట్టాను. ఈ నీలం లైటు కింద గట్టిపడేదాకా మీరు నోరు ముయ్యకూడదు. నాకు ఇంతకంటే మంచి సమయం దొరకదు.

నా కాలు గీత మీదే పడిందక్కా. పడ్డప్పుడే తెలుసు నాకు. షూ అంచుకి సున్నం కూడా అంటింది. ఇంటికి రాకుండా తిన్నగా ఇక్కడికొచ్చి, అదిగో ఆ వాష్‌బేసిన్లో, రోగులకి పళ్ళు తోమడం నేర్పే బ్రష్షుతో ఆ షూ తోమాను. "ఎంత శుభ్రమో!" అని మీ మరిది మెచ్చుకున్నారు కూడానూ.

ఏంటి, చెయ్యెత్తారు? పన్ను నొప్పా? కాదా? మరైతే ఆ చెయ్యి దించండక్కా, భయమేస్తోంది.

ఎందుకంటే ఏం చెప్పను? మీ మీద గెలవాలని. అంతే. వంటలో మీదే పైచేయి, మాటలో మీదే పైచేయి. నా కడుపున పుట్టిన పిల్లలు దెబ్బ తగిలితే "పెద్దమ్మా!" అని అరుస్తారు. ఒక్క పాయింటు నాకూ కావాలనిపించింది. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

మీరు లేవగానే మా కెప్టెన్‌కి ఫోన్ చేస్తాను. మా వాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తారు, ఆరెయ్యనివ్వండి. మీరు మాత్రం ఆ జెర్సీ వెనక్కి తెచ్చుకోండి. మీ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి.

గట్టిపడింది. ఇక ఎత్తు సరిపోయిందో లేదో చూడాలి. ఈ కాగితం పంటి మీద పెట్టి పట్టుకుంటాను, మెల్లగా కొరకండి. మెల్లగా...

అబ్బా! అక్కా! వేలక్కా, నా వేలు! కాగితం ఇటుంది!

అమ్మమ్మమ్మ...

సరే. కుడి పక్క కూడా చూడాలి కదా. ఇదిగో, ఈ వేలూ పెట్టాను. కొరకండి.