పులికి వచ్చిన డౌటు

ఉపేందర్‌రావు సారు చాయ్ గిలాస చేతిలకు తీసుకున్నడంటే ఆ చాయ్ సల్లారిపోవుడు ఖాయం. సారు దాన్ని తాగెటందుకు తీసుకోడు, ముచ్చట మొదలుపెట్టెటందుకు తీసుకుంటడు.

శ్రీరాంపూర్‌ల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజి, దాని గేటుకు ఎదురుంగ అంజన్న చాయ్ హోటలు. ఆ సాయంత్రం ముసురు పట్టింది. రేకుల కింద బల్లల మీద సెకండియర్ పిల్లలు ఇరుక్కొని కూసున్నరు. సారు మాత్రం నిలబడే ఉన్నడు. ఎనక బోర్డు లేకున్నా ఉన్నట్టే నిలబడుడు సారుకు అలవాటు.

బల్ల చివర్ల ఆరాధన కూసున్నది. అంజన్న చాయ్ ఇయ్యబోతే ఒద్దన్నది. 

ఆమె ఒక్క మాట చెప్పెటందుకు వచ్చింది. "సార్, రేపటి పాఠం నాకు సమజ్ కాలే." అంతే మాట. పొద్దటి నుంచి అది నోటి దాక వస్తున్నది, బయటికి వస్తలేదు.

రేపు కాలేజికి తనిఖీకి పెద్ద టీము వస్తున్నది. ఇక్కడ చదువు ఎట్ల చెప్తున్నరు, పిల్లలు ఎట్ల నేర్చుకుంటున్నరు అని క్లాసులల్ల కూసొని చూసిపోతరు. వాళ్ల కోసమే ఉపేందర్‌రావు సారు కొత్త పద్ధతి పెట్టిండు. రేపు పాఠం సారు చెప్పడు, పిల్లలల్ల ఒకరు బోర్డు దగ్గరికి వచ్చి చెప్తరు. 'విద్యార్థే గురువు' అని ఫ్లెక్సీ గూడ గేటుకు కట్టిండ్రు. ఆ గురువు ఆరాధన. పాఠం స్టాటిస్టిక్స్‌ల స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటుకు ఎంత దూరం చెదిరి ఉన్నయో కొలిచే లెక్క. సారు ఇంగ్లీషుల చెప్పిందంత ఆమె కామా పోకుండ బట్టీ పట్టింది. ఒక్క మాట తప్పినా ఇంటర్నల్ మార్కులు మర్చిపొమ్మన్నడు సారు. నవ్వుకుంటనే అన్నడు. ఆ మార్కులు పోతే పేపరు పోతది, పేపరు పోతే ఏడాది పోతది. ఏడాది పోతే జైనూర్ దిక్కు ఊర్ల కూలికి పోయే బాపు యెషయా ఏమంటడు? ఏమీ అనడు. ఆమెకు భయం అదే.

ఆదివారం చర్చిల లేచి వాక్యం చదివేటప్పుడు ఆమె గొంతు ఎన్నడు వణకలే. అక్కడ ప్రతి మాటకు అర్థం తెలుసు. ఈ లెక్క అట్ల కాదు. చేసుడు వచ్చు, ఎందుకట్ల చేస్తమో తెల్వది. టీముల ఒక్కరు "ఎందుకమ్మా?" అన్నరంటే ఇగ అయిపాయె.

"సార్..." అన్నది.

"ఆఁ, నీ దగ్గరికే వస్తున్న బిడ్డా," అన్నడు సారు. "భయమైతున్నదా? భయాన్ని క్లాసులకెల్లి ఎల్లగొట్టినోన్ని నేను. జైనూర్‌ల ఎట్ల ఎల్లగొట్టిన్నో ఎర్కేనా?"

ఎవ్వరికీ ఎర్కలేదు. ఎర్కున్నా సారు ఆగేటోడు కాదు.

"నా నౌకరి కొత్తల ముచ్చట. తొలి దినం క్లాసులకు పోయిన. పిల్లలు కుమ్మరింటి కుండల లెక్క కూసున్నరు. అడిగితే పలుకు లేదు. నేనేం జేసిన? సాక్‌పీసు బల్ల మీద పెట్టిన, కుర్చీల కూసున్న. 'మీల ఒక్కరన్న డౌటు అడిగెదాక నేను పాఠం చెప్ప' అన్న. గంట కొట్టిండ్రు, నేను లేవలే. మళ్ల కొట్టిండ్రు, లేవలే. అఖరుకు ఎనక బెంచీ నుంచి ఒక పిల్ల జర ఇట్ల వేలు లేపింది. డౌటు అడిగింది. నేను తీర్చిన. క్లియరా?"

"క్లియర్ సార్," అన్నరు అందరు.

అది ఆ క్లాసు రివాజు. సారు 'క్లియరా' అంటే నోరున్నోళ్లందరు 'క్లియర్ సార్' అనాలె. సారు మాట మధ్యల ఆగి దగ్గినా సరే, 'క్లియర్ సార్' అనేస్తరు. పోయినేడు ఫస్టియర్‌ల ఉన్నప్పుడు జమున అనే పిల్ల ఒక్కసారి "క్లియర్ కాలే సార్" అన్నది. "అయితే పోయి బయట నిలబడు, గాలికి క్లియరైతది," అన్నడు సారు. క్లాసంత నవ్వింది. ఆరాధన గూడ నవ్వింది. ఆ దినం నుంచి సారు జమునను రోజూ బయటనే నిలబెట్టిండు, నిలబడి నిలబడి ఆ పిల్ల అటే కాలేజి ఇడిసిపోయింది. ఇప్పుడు మంచిర్యాలల ఒక దుకాణంల చీరెలు మడత పెడుతున్నది. ఆ దినం నవ్వినందుకు ఆరాధన ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?" అన్నడు సారు. "గా పిల్ల అడిగింది సూసి పక్క పిల్ల లేపింది వేలు. దాని పక్కది. దాని ముంగటోడు. క్లాసంత చేతులే. ఎన్ని చేతులంటే, పైన ఫ్యాను బందు పెట్టిన. పెట్టకుంటే వేళ్లు తెగుతుండె."

"ఫ్యాను మరీ కిందికి ఉండెనా సార్?" అన్నడు స్టీఫెన్. ఆరాధన పక్కనే కూసున్నడు. క్లాసుల నోరు మెదపడు గని, చాయ్ హోటల్ల మాత్రం ఊకోడు.

"ఫ్యాను కిందికి లేదు రా, పిల్లల ఉత్సాహం మీదికి ఉన్నది. పక్క క్లాసు పిల్లలు కిటికీలకెల్లి దునికి వచ్చిండ్రు. వాళ్ల సారు వాళ్లను పట్టుకపోవడానికి వచ్చిండు, వచ్చి ఆయన గూడ కూసున్నడు. ఆయనకు గూడ డౌటే. ప్రిన్సిపాల్ వచ్చిండు. చెయ్యి లేపిండు. నేను ఆయనకు గూడ, మీ నంబరు వచ్చెదాక ఆగుండ్రి అన్న."

"గట్ల అన్నరా సారూ?" అన్నడు అంజన్న, పాలు పొంగకుండ మంట తగ్గించుకుంట.

"నా క్లాసుల పెద్దా చిన్నా లేదు అంజన్నా. భయం లేకపోవుడంటే గదే. క్లియరా?"

"క్లియర్ సార్."

ఆరాధన గూడ అన్నది. తన పెదవులు తనను అడుగకుండనే కదిలినయి. తన నోరు తన మాట ఇననప్పుడు రేపు బోర్డు దగ్గర అది ఏం చేస్తదో? ఇప్పుడే చెప్పాలె అనుకున్నది.

"సార్, రేపటి..."

"రేపటి ముచ్చట రేపు. నేనింక ఉట్నూర్ బస్సు కాడికే రాలే," అన్నడు సారు. "బస్సు కాలేజి ముంగట ఆగింది. ఎందుకాగింది? కండక్టరుకు డౌటు. దిగి వచ్చిండు. ఎనక డ్రైవరు. ఎనక బస్సుల మంది. ఎనక బస్సుల ఎనక బస్సులు. జైనూర్ నుంచి ఉట్నూర్ దాక లైను, అందరు వేలు లేపుకొనే నిలబడ్డరు. వాన వస్తే గూడ ఎవ్వడు దించలే. నేను ఒక్కొక్కరికి తీర్చుకుంట పోతున్న. పొద్దు గూకింది. క్లాసుల దీపం పెట్టిండ్రు. అప్పుడు ఎనక బెంచీల ఏదో కదిలింది."

సారు ఆగిండు. రేకుల మీద వాన చప్పుడు ఒక్కటే ఇనబడ్డది. కోతలని తెలిసి గూడ బల్ల మీది పిల్లలు జర దగ్గరికి జరిగిండ్రు.

"పులి," అన్నడు సారు. "కవ్వాల్ అడివిలకెల్లి వచ్చింది. ఎనక బెంచీ మీద కూసున్నది. కండ్లు రెండు బొగ్గుల లెక్క ఎలుగుతున్నయి. క్లాసుల ఊపిరి లేదు. నా దిక్కే సూస్తున్నది."

"మీకు భయం కాలేదా సార్?" అన్నది ఎవరో పిల్ల.

"నాకా? పులికే భయమైంది. ఆలస్యంగ వచ్చిన, సారు అటెండెన్స్ ఏస్తడో ఏయడో అని. నేను సూసిన, దాని కాలు మెల్లగ లేస్తున్నది. ఇట్ల. పంజా. గోర్లు లోపలికి పెట్టుకొని మర్యాదగ లేపింది. 'అడుగు' అన్న. అడిగింది. తీర్చిన. లేచి, తోక ఇట్ల దగ్గరికి తీసుకొని, ఎవ్వరికి తాకకుండ పోయింది."

"గంత మర్యాద మా ఫస్టియరోళ్లకు లేదు సార్," అన్నడు స్టీఫెన్.

"ఇగ ఆ తర్వాత ముచ్చట నా చేతుల లేదు. బాసరల అక్షరాభ్యాసానికి వచ్చిన చిన్న చిన్న పోరగాండ్లు పలక మీద ఓం రాసుడు ఆపి 'ఎందుకు' అని రాసిండ్రట. పూజారులు పరేషాన్. ఇక్కడ మన శ్రీరాంపూర్‌ల బొగ్గు బావిల దిగినోళ్లు తలకు లైట్లు కట్టుకొని లోపలనే చేతులు లేపిండ్రట. ఆ లైట్లకు భూమి లోపల పట్టపగలైంది. అఖరుకు గోదారి ఆగింది."

"ఆగిందా?"

"నిలబడ్డది. డౌటు తీరెదాక సముద్రానికి పోనన్నది. నీళ్లు ఎనకకు మర్లుతున్నయి, ఊర్లు మునుగుతయని గడబిడ. కలెక్టరు ఫోను చేసిండు, 'సారూ, మీరొక్కరే దిక్కు' అని. నేను రాత్రికి రాత్రి పోయి ఒడ్డు మీద నిలబడ్డ. గోదారి ఒక అల లేపింది, వేలు లెక్క. అడిగింది. తీర్చిన. కదిలింది. ఇయ్యాల మీరు తాగుతున్న నీళ్లు, గా నీళ్లు. గది నా పద్ధతి. రేపు టీము అడిగితే మీరందరు గిదే చెప్పాలె, మా సారు క్లాసుల భయం అన్న ముచ్చటే లేదని. క్లియరా?"

"క్లియర్ సార్," అన్నరు అందరు.

"కాలే సార్."

మెల్లగనే వచ్చింది ఆ మాట. గని అందరి మాట అయిపోయినంక వచ్చింది కాబట్టి అందరికి ఇనబడ్డది. ఆరాధన తన గొంతు తనే గుర్తుపట్టలే. స్టీఫెన్ ఆమె దిక్కు చూసిండు. అంజన్న గరిటె ఆపిండు. బయట నిలబెట్టనీకె ఇక్కడ గోడలు లేవు, అన్నీ బయటనే. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

"ఏం కాలే?" అన్నడు సారు. మొఖం మీద నవ్వు ఇంకా ఉన్నది.

"గా పిల్ల అడిగింది అన్నరు. కండక్టరు అడిగిండు. పులి అడిగింది. గోదారి అడిగింది," అన్నది ఆరాధన. ఒక్కొక్కటి వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఇంత సేపట్ల ఏం అడిగిండ్రో మీరు ఒక్కటి గూడ చెప్పలే సార్. మీరేం జవాబు చెప్పిండ్రో గూడ చెప్పలే. ఒక్కటి చెప్పుండ్రి. గా మొదటి పిల్లదే చెప్పుండ్రి."

"డౌటు అంటే... డౌటే కద బిడ్డా. అప్పటి ముచ్చట."

"పోనీ పులిది చెప్పుండ్రి సారూ," అన్నడు అంజన్న. ఆయన ఎగతాళికి అనలే. నిజంగనే తెలుసుకోవాలనిపించింది ఆయనకు. "పులి మర్చిపోయే ముచ్చటనా?"

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నరు. సారు కాలేజి గేటు దిక్కు చూసిండు. ఫ్లెక్సీ తడిసి గేటుకు అతుక్కపోయింది.

"నాది చెప్పనా సార్?" అన్నది ఆరాధన. జవాబు కోసం ఆగలే. ఆగితే ఇగ నోరు రాదని తెలుసు. "సగటు నుంచి ప్రతి అంకెకు తేడా తీస్తం. ఆ తేడాలను వర్గం చేస్తం. కూడుతం, భాగిస్తం. మళ్ల వర్గమూలం తీస్తం. అఖరుకు మూలమే తీసేటిదుంటే ముందుగాల వర్గం చేసుడు ఎందుకు సార్? తేడాలను ఉత్తగనే కూడితే ఏమైతది?"

"ఫార్ములా గట్లనే ఉన్నది."

"గట్ల ఎందుకున్నది?"

సారు వంగి ఆమెకు దగ్గరగ వచ్చిండు. ఈసారి మాట మెల్లగ వచ్చింది, పక్క బల్లకు గూడ ఇనబడనంత మెల్లగ. "రేపు టీము ముంగట గిది తియ్యకు బిడ్డా."

సారు భయపడుతున్నడని ఆరాధనకు సమజైంది.  ఇన్ని దినాలు బోర్డుకు ఇవతల కూసున్నోళ్లకే భయం ఉంటదనుకున్నది. అవతల గూడ ఉన్నది. అది తెలిసి ఆమెకు ధైర్యం రాలే, ఇంకింత భయమే అయింది. సారుకు గూడ తెల్వకుంటే రేపు తనను కాపాడేటోళ్లు ఎవ్వరు లేరు.

"నేను తియ్య సార్," అన్నది. "రేపు నేను గద గురువును. వాళ్లు తీస్తరు. తీసి నా దిక్కు చూస్తరు. నేను మీ దిక్కు చూస్త."

వాన జోరైంది. రేకుల అంచు నుంచి ధార పడుతున్నది. 

"నాకు గూడ సమజ్ కాలే సార్," అన్నడు స్టీఫెన్. ఈసారి మాటల ఎకసెక్కం లేదు. చెప్పి తలకాయ దించుకున్నడు, దెబ్బ పడుతదేమో అన్నట్టు.

"నాకు గూడ," అన్నది ఎనక కూసున్న పద్మలత.

"నాకు అసలే కాలే సార్," అన్నడు ఇంకో పిలగాడు. ఆ మాటకు మిగిలినోళ్లకు గూడ నోరు వచ్చింది. రేకుల కింద ఒకరి ఎనక ఒకరు, కొందరు చెయ్యి గూడ లేపి మరీ చెప్పిండ్రు. సారు ఎవరి దిక్కు చూడాలెనో తెల్వక అందరి దిక్కు చూసిండు. పులినీ గోదారినీ నిమ్మళంగ కూసోబెట్టిన మనిషి, వేలు లేపిన పిల్లలను చూసి ఒక అడుగు ఎనకకు ఏసిండు. ఎనక ధార పడుతున్నది, అంగీ భుజం తడిసింది.

స్టీఫెన్ జరిగి బల్ల మీద జాగ చేసిండు. "కూసోండ్రి సార్. తడుస్తున్నరు."

సారు కూసున్నడు. విద్యార్థుల బల్ల మీద, ఆరాధనకూ స్టీఫెన్‌కూ నడుమ ఇరుక్కొని కూసున్నడు. ముంగటున్న టేబుల్ మీద తడి వేలుతోని ఒక గీత గీసిండు, సగటు గీత. దాని పైన ఒక చుక్క, కింద ఒక చుక్క పెట్టిండు. చుక్కలు ఆరిపోయెదాక వాటి దిక్కే చూసుకుంట కూసున్నడు.

"ఎక్కడి సంది సమజ్ కాలే?" అని అడిగిండు అఖరుకు. అంత చిన్న గొంతు ఆయనకు ఉన్నదని ఆ క్లాసుకు అప్పటిదాక తెల్వది.

"మొదటి సంది సార్," అన్నరు అందరు.