ఒడ్డుకి లాగిన చేప

మాస్టారు గ్లాసు కింద పెట్టి, "ఇకనుంచి ముందు పడవ నాది కాదు. ఎవరిదో మీలో మీరే తేల్చుకోండి" అన్నారు. టీ కొట్టు బెంచీ మీద అందరం కంగారుపడ్డాం, మా బావ తప్ప.

ఆదివారం పొద్దున్నే ఒక్క మనిషి పట్టే కయాకు పడవలేసుకుని సముద్రంలోకి చేపలకి పోవడం మాకు అలవాటు. ముందు పడవలో ఉన్న మనిషి కెరటాల మధ్య సందు చూసి దారి తీస్తాడు, మిగతావాళ్ళం, అంటే నేనూ, మా బావా, మెకానిక్కూ, మందుల షాపాయనా, ఆ వెనకే. వచ్చేటప్పుడు మాత్రం ముందు పడవ ఆఖర్న రావాలి. ఈల వేస్తే అందరం బదులు ఈల వేసి ఒడ్డుకి బయల్దేరాలి, ఆ తర్వాతే అది కదలాలి. ఇన్నేళ్ళూ ఆ పని మా డ్రిల్లు మాస్టారిదే. మాకు తెడ్డు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. అలాంటి మనిషికి పోయిన ఆదివారం పొగమంచులో తిరిగొస్తుంటే చేతులు పడిపోయాయట. ఎంత తెడ్డేసినా పడవ కదల్లేదట. "వయసైపోయిందిరా, ఒప్పుకోవాలి" అని కయాకుని ఈ కొట్టు వెనక రేకుల షెడ్డులో బోర్లించేసి, మళ్ళీ దాని మొహం చూడలేదు. నాకైతే చెప్పలేనంత దిగులుగా ఉంది.

మా బావకి దిగులూ గిగులూ ఏం లేవు. అక్క మొగుణ్ణి పట్టుకుని అనకూడదు గానీ, ఆయన స్టూడియోలో తీసే ఫోటోలకంటే కోసే కోతలే ఎక్కువ. ఆ ముందు పడవ మీద ఆయనకి ఎప్పట్నుంచో కన్ను. గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, మీరు హాయిగా రెస్టు తీసుకోండి, నేనున్నాగా. పోయిన ఆదివారం మీరంతా ఒడ్డుకి చేరాక చాలాసేపటికి గానీ నేను రాలేదు, ఎందుకో ఒక్కరైనా అడిగారా? అడగరు. నేనూ చెప్పలేదు. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు కదా, అదీ నా ఖర్మ."

మెకానిక్‌కి టీ పొలమారింది.

"మాస్టారు ఈల వేశారా, నేను బదులు వేశానా, మీరంతా వెళ్ళిపోయారా. నేను వెళ్ళలేదు. ఖాళీ చేతుల్తో ఇంటికెళ్తే మీ అక్క మొహం ఎలా పెడుతుందో నీకు తెలీదేంట్రా? సరే, ఇంకొక్కసారి చూద్దామని మంచులోకి గాలం విసిరా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ళలో పడ్డ చప్పుడే లేదు. గాల్లోనే అందేసుకుంది!"

"ఏంటది, కొంగా?" అంది టీ అక్క.

"చేపక్కా, చేప! ఏదో ఈ బెంచీ అంత ఉంటుందిలే అనుకున్నా. కొంచెం లాగి చూస్తే బెంచీ కాదు, నీ కొట్టంత ఉంది. ఇంకొంచెం లాగితే..."

"లాగేకొద్దీ పెరుగుతుందా అండీ?" అన్నాడు మందుల షాపాయన.

"పెరగడం కాదు సార్, నాకు అంచనా అందడం. మీరు మధ్యలో అడ్డం రాకండి. అది ఒక్క గుంజు గుంజేసరికి నా కయాకు ముక్కు పైకి లేచిపోయింది. ఇటొక గోడ, అటొక గోడ లేచినట్టు నీళ్ళు నిలబడిపోయాయి. ఆ గోడల్లోంచి చిన్న చేపలు మొహాలు బయటపెట్టి, రైలు పోతుంటే పిల్లలు చూస్తారే, అలా చూస్తున్నాయి నన్ను. రెండిటికి నేను చెయ్యి కూడా ఊపా."

"చెయ్యి ఖాళీగా ఉందన్నమాట. మరి ఫోటో తియ్యలేదేం?" అన్నాడు మెకానిక్.

"చెయ్యూపడానికి వేలు చాలయ్యా, ఫోటోకి రెండు చేతులు కావాలి. నా పని నాకు చెప్తావా? సరే, ఇలా కాదని లంగరు దించేశా. లంగరు దించాక ఏ చేపైనా ఆగాలా, వద్దా? ఆగితే నేనిక్కడ చెప్పేదేముంది! లంగరుతో సహా లాక్కుపోయింది. సముద్రం అడుగున నాగలి పెట్టి దున్నినట్టు చాలు పడిపోయింది. కావాలంటే వెళ్ళి చూసుకోండి, ఇప్పుడు విత్తనాలు జల్లినా మొలుస్తాయి."

"ఉప్పు నీళ్ళలోనా?" అన్నాడు మందుల షాపాయన.

"వండేటప్పుడు ఉప్పు వేసే పని తప్పుతుంది సార్! ఇంతలో ఎదురుగా ఓడ. మామూలు ఓడ కాదు, ఈ వీధి వీధంతా అందులో పెట్టొచ్చు. హారన్ కొట్టాడు. చేప తప్పుకుంటుందా? ఓడ కిందనుంచి దూరింది. దాంతోపాటు నేనూ దూరా, అటువైపు తేలా. కెప్టెన్ పరిగెత్తుకుంటూ ఇటు చివరికొచ్చి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు."

"అంత మంచులో ఆయన కన్నీళ్ళు కనబడ్డాయా బావా?" అన్నాను ఉండబట్టలేక.

"కనబడక్కర్లేదురా, మీద పడ్డాయి."

బెంచీ మీదివాళ్ళం ఒకరి మీదొకరు పడి నవ్వాం. మాస్టారు మాత్రం నవ్వలేదు. అప్పటిదాకా రోడ్డుకేసి చూస్తూ కూర్చున్న మనిషి ఇటు తిరిగారు. "ఎటు లాగింది నిన్ను?" అని అడిగారు.

"ఒడ్డుకి మాస్టారూ."

"చేప ఒడ్డుకెందుకు వస్తుందండీ, బస్సెక్కడానికా?" అన్నాడు మందుల షాపాయన.

"అదే దాని తెలివి! అన్ని చేపల్లాగా లోపలికి పోతే అది మామూలు చేప అయిపోదూ?"

మాస్టారు ఇంకొంచెం ముందుకి జరిగారు. "ఒకే జోరుగా లాగిందా, ఆగి ఆగా?"

బావకి ఇంతవరకూ ఇంత శ్రద్ధగా ఎవరూ ప్రశ్న వెయ్యలేదు. పొంగిపోయాడు. "అలా అడగండి మాస్టారూ, తెలిసినవాళ్ళు అడగాల్సిన ప్రశ్న. కుడికో గుంజు, ఎడమకో గుంజు, మళ్ళీ కుడికో గుంజు. కాసేపటికి ఆగేది. ఊపిరి తీసుకునేది. దగ్గేది కూడా."

"చేప దగ్గిందా!" మెకానిక్ కడుపు పట్టుకున్నాడు.

"దగ్గడమేంటయ్యా, మాట్లాడింది! 'అమ్మా, ఇక నా వల్ల కాదు' అంది."

"మన భాషలోనే?" అంది టీ అక్క, గ్లాసులు కడగడం ఆపేసి.

ఇక ఎవరి నవ్వు ఎవరికీ ఆగలేదు. బావకి నిజంగానే కోపం వచ్చింది. లేచి నిలబడ్డాడు. "నవ్వండి, నవ్వండి. ఓడ సంగతి వదిలేయండి. కెప్టెన్‌ని వదిలేయండి. గోడలూ వద్దు, చాలూ వద్దు. ఇది మాత్రం నా చెవులారా విన్నాను. నా పిల్లల మీద ఒట్టు! అది దగ్గింది. అమ్మా అంది. అప్పుడే దారం తెగిపోయింది. లేకపోతే ఈపాటికి దాన్ని తెచ్చి మీ ముందు పడేసేవాణ్ణి."

మాస్టారు లేచారు. కొట్టు వెనక్కి నడిచారు. ఏమైందోనని మేమూ వెనకే వెళ్ళాం. షెడ్డులో బోర్లించి ఉన్న తన కయాకుని ఆయనొక్కరే తిరగేశారు. సాయం పట్టబోతే నన్ను మోచేత్తో పక్కకి నెట్టారు. వంగి, వెనక కొసకుండే పట్టుతాడుని చేత్తో తడిమారు.

గాలం ఆ తాడులోకి దిగబడి ఉంది. దానికి మూరెడు దారం వేలాడుతోంది.

"నీదేనా?" అన్నారు.

బావ దగ్గరికొచ్చి చూశాడు. దూరం జరిగి చూశాడు. "నాదే అయ్యుండొచ్చు మాస్టారూ" అన్నాడు.

"నేను అమ్మా అన్నాన్రా. ఇక నా వల్ల కాదనీ అన్నాను." మాస్టారు తన రెండు చేతుల్నీ ముందుకి చాపి, వేళ్ళు మూసి తెరిచి చూసుకుంటున్నారు. "చేతులు పోయాయనుకుని, వారం నుంచీ మా ఆవిడ చేత పచ్చడి సీసా మూత తీయించుకుంటున్నాను. అంటే నేను నిన్నూ, నీ పడవనీ, నీ లంగరునీ కలిపి లాగానా?"

"లాగారు మాస్టారూ" అన్నాడు బావ చాలా చిన్న గొంతుతో. కోత లేకుండా ఆయన మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

మాకు ఒక్కసారిగా ఊపిరొచ్చినట్టయింది. మెకానిక్ ఈల వేశాడు. టీ అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మరి మాస్టారూ, ఓడ కిందనుంచి దూరినప్పుడు మీకు తల తగల్లేదా?" అని అడిగింది. ఆయన వారం తర్వాత నవ్వారు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

ఈ సందట్లో బావ మెల్లగా తేరుకున్నాడు. "ఏదైతేనేం, ఈ ఊళ్ళో అంత పెద్ద..." అని మొదలెట్టబోయాడు.

మాస్టారు కయాకుని భుజానికెత్తుకున్నారు. "ఆదివారం ముందు పడవ నాదే" అన్నారు. "ఇకనుంచి మిగతావాళ్ళు ఈల వేస్తే చాలు. వీడు మాత్రం ఇసుకలో నిలబడి నాకు చెయ్యూపాలి. అప్పటిదాకా నేను తెడ్డు ముంచను."