భీమన్న పట్టిన రాజురాయి

శుక్రారం అచ్చిందంటే బహ్రెయిన్ దేశంల సిత్రా అనే ఊర్ల మా క్యాంపు గేటు ముంగట, కేరళ మలబారీ చాయ్ దుకాణం కాడ భీమన్న దర్బారు నడుస్తది. ఆరు దినాలు క్రేను కింద నిలబడి డ్రైవరుకు చేతులతోని సైగలు చేసుడే ఆయన పని. లేపు, దించు, ఆగు, అన్నీ చేతులే. నోటికి పనుండదు. గా ఆరు దినాల మాటలన్ని ఏడో దినం ఒక్కపారే బయటికస్తయి. ఆయనకు యాభై దాటినై, బహ్రెయిన్‌కు అచ్చి పందొమ్మిదేండ్లయింది. మాది ఒక్కటే ఊరు, జగిత్యాల దిక్కు. నేను రెండు నెలల సెలవు మీద ఇంటికి పోయి మంగళారమే తిరిగచ్చిన. భీమన్న ఇంటికి గూడ పోయి, ఆయన పెండ్లాం భూలక్ష్మక్క ఇచ్చిన మామిడికాయ తొక్కు తెచ్చి ఆయన చేతుల పెట్టిన. ఆ ఇంట్ల ఇన్న ముచ్చట ఇంకోటున్నది. అది మాత్రం చెప్పబుద్ది కాలే.

ఆ శుక్రారం ఆయన్ను కదిలిచ్చింది మల్లేష్. మల్లేష్ వెల్డరు. ఎవలనన్న గిచ్చకపోతే ఆయనకు పొద్దు పోదు.

"ఏంది భీమన్నా, ఎప్పుడు చూసినా ఫోన్లకు గుడ్లప్పగించి కూసుంటవ్? ఈ వయసుల ఆటలా?"

భీమన్న చాయ్ ఒక్క గుక్క తాగిండు. మీసం తుడుసుకున్నడు.

"నేను పెద్దగ చేసిందేం లేదు తమ్మీ. ఒక్క రాయిని పట్టిన. అంతే."

"రాయిని పట్టుడేంది? అదేమన్న ఉరుకుతదా?"

"ఉరుకుతది మరి! ఇను చెప్త. ఐర్లాండని ఒక దేశమున్నది. ఎప్పుడు చూసినా వానలేనట, ఆ వాన ఒక్క పూట ఈడ పడితే మనం బిర్యానీ వండుకుంటం. ఆ దేశంల ఓ గుట్ట మీద ఓ రాయి ఉన్నది. ఎనుకట ఎవలనన్న గద్దె మీద కూసోవెట్టాలంటే ముందుగాల ఆ రాయి మీద కాలు పెట్టుమనేటోళ్ళట. వాడు అసలైన రాజైతే రాయి అరుస్తది. దొంగోడైతే పలుకది. ఓట్లు లేవు, మీటింగులు లేవు, రాయి ఒర్రితే రాజు, ఒర్రకుంటే ఇంటికి పో. ఇప్పుడు ఈ ఫోన్ ఆట చేసినోళ్ళు ఏం చేసిండ్రంటే, ఆ రాయికి నాలుగు కాళ్ళు పెట్టిండ్రు. పొద్దు పొడిసేటాళ్ళకు ఓ గుట్ట మీదుంటది, పొద్దు గూకేటాళ్ళకు ఇంకో గుట్ట ఎక్కుతది. దున్నపోతంత రాయి! దాన్ని ఎతుకాలె, ఆపాలె, మీదికెక్కాలె, అప్పుడు అది అరవాలె. ప్రపంచం మొత్తంల నలభై వేల మంది ఆడుతున్నరు, ఒక్కడన్న దాని తోక ముట్టలే."

"రాయికి తోకేంది?"

"నాలుగు కాళ్ళున్నదానికి తోకుండదా? నడుమల రాకు. మల్ల ఏమైంది ఎర్కేనా? అందరు కత్తులు పట్టుకొని దాని ఎంబడి పడుతున్నరు. అరే, బరువు ఎంబడి పడి బరువును ఆపినోడు ఎక్కడన్న ఉన్నడా? పందొమ్మిదేండ్ల సంది చూస్తున్న గదా, బరువుకు ముంగట నిలబడాలె, అది నిన్ను చూడాలె. నేను పోయి అది దిగచ్చే తొవ్వల నిలబడ్డ. ఉరికస్తున్నది. భూమి అదురుతున్నది. చుట్టుముట్టు ఉన్నోళ్ళంత 'ఓ ముసలాయనా, జరుగు జరుగు' అని మొత్తుకుంటున్నరు. నేను జరుగలే. చెయ్యి లేపిన."

అంటనే భీమన్న అరచెయ్యి ముంగటికి చాపిండు. అటుకెల్లి సైకిల్ మీద అస్తున్న బెంగాలాయన తననే అనుకొని టక్కున బ్రేకు కొట్టిండు.

"సూశిండ్రా? గట్లనే ఆగింది రాయి! వేలు కింది దిక్కు తిప్పిన, కూసున్నది. పక్కకు జరుగుమన్న, జరిగింది. మా క్రేను డ్రైవరు గూడ అంత మంచిగ ఇనడు. చెప్పులిడిశి ఎక్కిన, రాయైనా మర్యాద మర్యాదే గదా. ఎడమ కాలు పెట్టిన, గుర్రుమన్నది. కుడి కాలు పెట్టిన, అరిచింది తమ్మీ! ఎట్ల అరిచింది! ఫోన్ స్పీకరు పలిగిపోయింది. రూముల ఇనుప మంచాల బోల్టులూడి మీది మంచమోడు కింది మంచమోని మీద పడ్డడు, కిందోడు నేల మీద పడ్డడు. రిఫైనరీల సైరన్ దానంతటదే మోగింది. సముద్రమున్నదే, అది మైలు దూరం ఎనక్కి పోయింది. చేపలన్ని ఇసుక మీద ఎగిరెగిరి పడుతుంటే జనం బకెట్లు పట్టుకొని ఉరికిండ్రు. అక్కడ రిఫాల ఉండే పైసలున్న విల్లాలోళ్ళు కార్లకు తాళం గూడ ఎయ్యకుండ ఎడారి దిక్కు పోయిండ్రు."

"ఇదంత ఏ దినం జరిగిందన్నా? నాకైతే ఏం సప్పుడు కాలే."

"నువ్వు ఓవర్‌టైం పోయిన దినం."

మల్లేష్ పడీ పడీ నవ్విండు. పక్క బల్ల మీద కూసున్నోళ్ళు గూడ ఇటు తిరిగిండ్రు. మలబారీకి తెలుగు రాదు, అయినా చాయ్ ఒంపుకుంట ఆయన గూడ నవ్విండు. జనం కూడిండ్రంటే భీమన్నకు ఇంకింత ఊపస్తది.

"అది గాదు అసలు ముచ్చట. ఫోన్ల రాయి అరిచిన గడియలనే, ఆడ ఐర్లాండ్ గుట్ట మీద అసలు రాయి, ఎన్నో వందల ఏండ్ల సంది నోరు తెరువని రాయి, అది గూడ అరిచింది. ఉట్టిగ గాదు, పేరు పెట్టి. 'భీమన్నా' అని! ఆడోళ్ళకు పరేషాన్. భీమన్న అంటే ఏంది, మనిషా, ఊరా, తినేదా? పుస్తకాలన్ని తిరగేసిండ్రు. ఆఖరుకు ఓ గడ్డం పెద్దాయన, 'ఇది జగిత్యాల దిక్కు పేరు, మనిషి మాత్రం సిత్రాల ఉన్నడు' అని లెక్క తేల్చిండు."

"బెడ్ నంబరు గూడ చెప్పిండా?"

"చెప్పిండు, నువ్వు నమ్ముతలేవు గని. మూడో దినం వాళ్ళ మంత్రి విమానమేసుకొని దిగిండు. సూటు, బూటు, ఎనుక నలుగురు బూరలూదేటోళ్ళు. గేటు కాడ వాచ్‌మన్ ఆపిండు. గేట్ పాస్ ఏదన్నడు. నేను మంత్రిని అన్నడు ఆయన. మంత్రైతేంది, పాసు పాసే అన్నడు వీడు. మూడు గంటలు ఎండల నిలబెడితే పాపం టమాట లెక్క అయిండు. నేను డ్యూటీ దిగి అస్తుంటే ఎదురచ్చి కాళ్ళ మీద పడ్డడు. 'దొరా, గద్దె ఖాలీగున్నది, యల్లా, పోదాం పా' అన్నడు."

"అరబ్బీల అన్నడా?"

"మంత్రి గదా, నేర్చుకొనే అచ్చిండు. పోదాం గని రెండు ముచ్చట్లు తేల్చు అన్న నేను. రాజుకు ఓవర్‌టైం ఉన్నదా? లేదన్నడు. రాజు ఇరవై నాలుగ్గంటలు డ్యూటీలనే ఉంటడట. సరే, ఇంటికి సెలవు ఎన్నేండ్లకోపారి అన్న. మంత్రి తల గోక్కున్నడు. 'రాజుకు సెలవేంది దొరా, రాజు రాజ్యంలనే ఉండాలె' అన్నడు. ఓరి నీ, గంత దూరం పోయి గద్దె మీద కూసుంటే గూడ ఇంటి మొకం చూడనియ్యకపోతే నాకు ఈ సిత్రా ఏం తక్కువ! ఖలాస్, నువ్వు పో అన్న. బూరలోళ్ళను గూడ తీస్కపొమ్మన్న."

అందరు ఘొల్లున నవ్విండ్రు. భీమన్న నవ్వలే. ఫోన్ దిక్కు ఓసారి చూసుకొని జేబుల పెట్టుకున్నడు.

"మరి రాజు కాకనే పోతివి గదా," అన్నడు మల్లేష్.

"ఆటల అయిన! ఆడ కాదంటే నడుస్తదా? పోయిన శుక్రారమే పట్టాభిషేకం. నలభై వేల మంది గుట్ట సుట్టు మోకాళ్ళ మీద కూసున్నరు. ఒక్కటే తక్కువ, కిరీటం పెట్టేటోడు లేడు. మల్ల ఏమైంది ఎర్కేనా? లోయ అవుతలికెల్లి ఓ పిలగాడు ఉరికస్తున్నడు. ఎర్ర జుట్టు, పచ్చ శాలువ. ఎవడనుకున్నవ్? నా కొడుకు, అనురాగ్. ఈ ఆట నా ఫోన్ల ఏసిచ్చిందే వాడు. రెండేండ్ల కింద సెలవు మీద పోయిన గదా, పది దినాలు వాడు ఫోన్లకెల్లి తల లేపి నా దిక్కు చూడలే. పదకొండో దినం నేనే పోయి మంచం మీద వాని పక్కన కూసొని 'ఏంది బిడ్డా అండ్ల' అన్న. సూపెట్టిండు. మూడు దినాలు ఒక్క మంచం మీద కూసొని ఆడినం. నాకు గడ్డం ముసలోని బొమ్మ ఇచ్చిండు. మీసాలోడు కావాలంటే 'నీకిదే కుదిరింది బాపూ' అని నవ్విండు. 'నువ్వు బహ్రెయిన్ పోయినా మనం ఇండ్ల కలుద్దాం' అన్నడు."

ఆ నాలుగు మాటలు చెప్పేటప్పుడు భీమన్న గొంతు దిగింది. గది గమనిచ్చిండేమో, మల్ల గొంతు పెంచిండు.

"కలుస్తలేమా మరి? ప్రతి శుక్రారం! పొద్దుగాల లేస్తే వాడు నేను, నేను వాడు. ఏం తిన్నడు, కాలేజీల ఎవనితోని లొల్లి పెట్టుకున్నడు, ఏ సబ్జెక్టుల ఎన్ని మార్కులు, అన్ని చెప్తడు, ఒక్కటి దాయడు. నేనే ఇగ చాలు బిడ్డా, సదువుకో పో అంటె గూడ పోడు. పోయిన శుక్రారమైతే కిరీటం నా నెత్తి మీద పెట్టి, నలభై వేల మంది ఇనంగ, 'బాపూ, ఇగ ఇంటికి రా' అన్నడు."

"కోతలు కొయ్యి అన్నా, కొయ్యి," అన్నడు మల్లేష్. "సముద్రం ఎనక్కి పోయిందంటే నమ్మిన. ఇంటరు సదివే కొడుకు తండ్రితోని గంటసేపు మాట్లాడిండంటే మాత్రం నమ్మ."

నవ్విండ్రు అందరు. భీమన్న మొకం ఎర్రబడ్డది.

"నమ్మవా? అడుగు, స్వామిని అడుగు! మొన్ననే మా ఇంటికి పోయచ్చిండు. చెప్పురా స్వామీ, నా కొడుకు ఏం చెప్పిండు? మేం ఆడుతున్న సంగతి చెప్పిండా లేదా?"

అందరు నా దిక్కు తిరిగిండ్రు. చెప్పిండన్నా అంటే అయిపోతుండె. ఎందుకో నా నోటికి రాలే.

"చెప్పుమంటున్న గదరా!"

"అనురాగ్ ఆ ఆట తీసేసి ఏడాది దాటిందన్నా," అన్న. "బాపుతోని ఆడుతున్నవటగదా అంటె, 'ఏ ఆట కాకా?' అని నన్నే అడిగిండు."

అన్నంక నాలిక్కరుచుకున్న. నవ్వుతున్నోళ్ళు నవ్వుతున్నట్టే ఆగిండ్రు. పక్క బల్ల మీదోళ్ళు ఒక్కొక్కలు లేసి ఎల్లిపోయిండ్రు. భీమన్న చాయ్ కప్పు కింద పెట్టిండు.

"ఎర్కే," అన్నడు.

జేబులకెల్లి ఫోన్ తీసి మా దిక్కు తిప్పిండు. బూడిద రంగు వాన పడుతున్నది. గడ్డి మైదానంల గడ్డం ముసలోడు నిలబడి ఉన్నడు. ఆయన కాళ్ళ కాడ పచ్చ శాలువ పిలగాడు మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూసున్నడు.

"ఈ ఆటల ఎవలన్న ఇడిశిపోతే ఆల్ల బొమ్మ పోదు. ఎక్కడ ఇడిశిండ్రో ఆడనే తల వంచుకొని కూసుంటది. అటుకెల్లి పోయేటోళ్ళు శాలువ గుంజుకపోతరు, డాలు ఎత్తుకపోతరు. తోడేళ్ళు గూడ అస్తయి. అందుకని ముంగట నిలబడుత. డ్యూటీకి పోయినప్పుడు నా బొమ్మ గూడ వాని పక్కపొంటే కూసుంటది. ఇద్దరుంటే జర ఎవలైనా ఎనుకా ముందాడుతరు."

"మరి రాయో అన్నా?" మల్లేష్ గొంతుల ఎటకారం లేదిప్పుడు.

"రాయిని నేనెన్నడు చూసిన తమ్మీ? ఎక్కడో ఎనిమిది గుట్టల అవుతల తిరుగుతదట. దాన్ని ఎతుకుకుంట పోతే ఈడ పిలగాని కాడ ఎవలుండాలె?"

మలబారీ అచ్చి కప్పులు తీస్కపోయిండు. నాకు కూసోబుద్ది అయితలేదు, లేవబుద్ది అయితలేదు. నేను ఆల్ల ఇంటికి పోయిన దినం అనురాగ్ నాతోని గడప లోపట్నించే మాట్లాడిండు. రెండు మాటలు మాట్లాడి తలుపు దగ్గరికేసుకున్నడు. గంతే. అంతకన్న ఏం జరుగలే.

"అన్నా, నేను సగమే చెప్పిన," అన్న.

భీమన్న తల లేపిండు.

"ఏ ఆట అన్నడు గని, మల్ల బయటికచ్చిండు. నేను బండి స్టార్టు చేస్తుంటే ఎంబడి ఉరికచ్చి హ్యాండిల్ పట్టుకున్నడు. బాపు ఎట్లున్నడు కాకా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా, ఎప్పుడస్తడు, అని ఒక్కటే అడుగుడు. కండ్లల్ల నీళ్ళు గూడ..."

"నీకు కొయ్యరాదురా స్వామీ," అన్నడు భీమన్న. "కండ్లు కిందికేసుకొని కోస్తరా ఎవలన్న?"

భీమన్న మలబారీకి రెండు వేళ్ళు సూపెట్టి ఇంకో రెండు చాయ్ చెప్పిండు. బల్ల మీద నా దిక్కు జరిగిండు.

"ఊఁ. బండి కాడికచ్చిండు. ఏ అంగి ఏసుకున్నడు?"

"నీలం గీతల అంగి ఏసుకున్నడన్నా," అన్న.

అదొక్కటి నిజమే.