ఎండు బోరులో పిలుపు

"జేజీ, తలనొప్పికి రేపు అమ్మ నన్ను హిజామాకు తీస్కపోతా అంటాండాది. శానా నొప్పి పుడ్తాదా?"

నొప్పేం ఉండదులేమే షబానా. చీమ కుట్టినట్ల ఉంటాది, అంతే. వీపు మీద కప్పు బోర్లిచ్చి గాలి లాగేస్తారు. చర్మం బూరె మాదిరి లేస్తాది. ఆడ బ్లేడుతో సన్నంగా గీరి, మళ్ళా కప్పు పెడ్తే చెడు రగతం దిగుతాది. మా కాలంలో ఈ కప్పులు యాడివి? ఎనుము కొమ్ము ఆనిచ్చి నోటితో పీల్చేటోళ్ళు. మా నాయనకు మోకాలికి పెట్టిచ్చినారు... మోకాలికి కాదులే, నడుముకు. దూది ఏకి ఏకి పట్టుకపోయింది గదా ఆయప్పకు. పరుపు కుట్టిస్తే కొర్రలు కొలిచిపోసేటోళ్ళు ఆ పొద్దు, దుడ్లు ఎవురు సూసినారు? ఏం చెప్తాంటి? ఆ, హిజామా.

మీ చిన్నజేజి, నా చెల్లెలు పీరమ్మకు చేయించింది నేనే. తలనొప్పికి కాదులే.

దాని మొగుడు ఖాసిం, నువ్వు చిన్నప్పుడు చూసింటావు, యాడికి ఊరి కాడ చేన్లో బోరు ఏయించినాడు. దుమ్ము లేసింది గానీ చుక్క నీళ్ళు రాల్యా. శెనక్కాయ చెట్లు ఎండిపాయె. ఇంగేం చేస్తాడు, తాడిపత్రి పక్క బండల పాలీసు ఫ్యాక్టరీకి పనికి పోయినాడు. ఆడ్నే బండ జారి మీద పడె. పీరమ్మ పోయేసరికి గుడ్డ కప్పేసినారు. మొగం గూడా చూపీల్యా దానికి.

అది ఏడ్చల్యా. సంగటి కెలికేది, చేనికి పోయేది, బాగనే ఉండె. ఒగ పొద్దు మధ్యానం బువ్వకు రాకపోతే ఎతుక్కుంటా పోయినా. ఎండంటే ఎండ కాదమ్మే, కాకి గూడా అరస్తాండల్యా. చూస్తే, బోరు కాడ బోర్ల పండుకోని, ఇనుప పైపుకు చెవి ఆనిచ్చింది. కాలిపోతాంటాది గదా ఇనుము! చెంప బొబ్బలెక్కింది. అయినా నగుతాంది.

"ఏం చేస్తాండావే?" అంటి.

"గెట్టిగా మాట్లాడాకక్కా. ఆయప్ప పిలుస్తాండాడు" అనె.

నేనూ చెవి పెట్టినా. ఏం ల్యా. గాలి హూ అంటాంది, అంతే.

ఆ మింద తిండి మానేసె. దినామూ మధ్యానం ఆడికే పోయేది. ఇంట్లో పెట్టి గొళ్ళెం ఏస్తే గోడకు చెవి ఆనిచ్చేది. ఆసుపత్రిలో చూపిస్తిమి. మనాది అని మాత్రలిచ్చినారు. మింగి పండుకుంటే నిద్దర్లో "ఆ, వస్తాండా, వస్తాండా" అనేది.

గుత్తిలో ఒగ పెద్దామె, ఆపా అంటారు అందరూ, ఉండాదని, ఆడోళ్ళకు హిజామా చేస్తాదని తెలిసి పిల్చుకపోతి. తాయెత్తు కట్టమ్మా అంటే కట్టననె. "నయం చేసేది అల్లా. ఈ కప్పూ కాదు, నేనూ కాదు. డాక్టరు మాత్రలు ఆపొద్దు" అని చెప్పి, కప్పులు పెట్టి, ఖురానులో ఆయతుల్ కుర్సీ చదవబట్టె. చదువుతాంటే, చదువుతాంటే, రగతం దిగుతాంది... నల్లగా, గడ్డలు గడ్డలు. పీరమ్మ అబ్బా అనల్యా. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకోని, "ఆపమని చెప్పక్కా, గొంతు దూరం పోతాండాది, ఆయప్పను పంపీద్దు" అని బతిమాలె.

ఆపా చదివేది ఆపి దాని పక్కన కూచునె. "అది నీ మొగుడు కాదు తల్లీ. చచ్చిపోయినోళ్ళు ఎనక్కొచ్చి పిలవరు. ప్రతి మనిషి పక్కనా పుట్టినకాడ్నుంచి ఒగ షైతాను ఉంటాడు. మనం మాట్లాడేది, నగేది, అలిగేది, అన్నీ నేర్చుకోనుంటాడు. మనిషి పోయినా వాడు పోడు" అనె.

నా పక్కన ఎవురుండారో అని తిరిగి గూడా చూసినా, నమ్ముతావో లేదో.

మళ్ళా మళ్ళా పోయినాం. మెల్లగా ముద్ద మింగబట్టె. ఒగ పొద్దు బియ్యం ఏరతా ఏరతా, "ఇంగ పిలవడం ల్యా అక్కా" అని, చాట పక్కన పెట్టి అప్పుడు ఏడ్చింది మొగునికోసం. అప్పుడే మొదులు. ఇప్పుడు చూస్తాండావు గదా, రాయదుర్గంలో జీన్సు కుడ్తా ఎంత బాగుండాదో.

అది రాయదుర్గానికి బస్సెక్కి పోయినంక, ఆ బోరు మూసేద్దామని నేనే పోతి. పిల్లోళ్ళు ఆడుకునే తావు గదా. బండ దొర్లిచ్చి పైపు మీదికి ఎత్తబోతాంటే లోపల్నుంచి, "వదీనా" అని.

మెల్లగా. ఖాసిం నన్ను అట్లనే, సాగదీసి పిలిచేది. ఆపా చెప్పిందంతా తెలుసు నాకు. తెలిసీ, నోరు ఊరుకోల్యా షబానా. "ఏమప్పా?" అంటి.

బదులు ల్యా. గాలి గూడా ల్యా. కండ్లు మూసుకోని బండ పెట్టేసినా. మళ్ళా ఆ పక్కకు పోల్యా నేను.

పీరమ్మకు చెప్పాక మే. చెప్తే ఈ పొద్దే బస్సెక్కి వచ్చి ఆ బండ తీస్తాది.

రేపు బిస్మిల్లా అనుకోని కూచో, ఏం గాదు. సల్లగుండు తల్లీ... నిన్ను పిలిచేటోళ్ళంతా నీ కండ్ల ముందర కనపడేటోళ్ళే కావల్ల...