చెంబుడు చన్నీళ్లు

(1974 డిసెంబరు. విజయవాడలో ఒక ఆసుపత్రి, క్యాజువాలిటీ. ముసురు పట్టిన ఉదయం. డాక్టరు అమలమ్మ, నర్సు మార్త, స్పృహ లేని బాలింత హైమ, ఆమె తల్లి వెంకటరత్నమ్మ.)

“చన్నీళ్లు ఇవ్వలేదండీ! కావాలంటే ఒట్టు పెట్టించుకోండి.”

“నేను నీళ్ల సంగతి అడగలేదమ్మా. జ్వరం ఉందా అని అడిగాను.”

“జ్వరం ఎక్కణ్ణించి వస్తుందండీ, చుక్క చన్నీళ్లు తగలనిస్తేగా! కాన్పయి ఆరో రోజు. కాచిన నీళ్లే, అవీ పూటకో గ్లాసు. ఏడ్చింది, బతిమాలింది. అయినా ఇవ్వలేదు.”

“ఫిట్సు వచ్చాయా?”

“లేదండీ.”

“రక్తం ఎక్కువ పోయిందా?”

“అదీ లేదు. మైలవరం పక్కనండీ మా ఊరు. అక్కడి ఆరెంపీ సన్నిపాతం అన్నాడు. గ్లూకోజు ఎక్కించి, ఇంక బెజవాడ తీసుకుపొమ్మన్నాడు.”

“అసలెలా మొదలైంది?”

“నిన్న తలనొప్పంది. రెండుసార్లు కక్కింది. చలి తగిలిందని ఇంకో నాలుగు బొగ్గులు వేశా. హాయిగా నిద్రపోయింది. పొద్దున లేపితే లేవలేదు.”

“ఏం వేశారు?”

“బొగ్గులండీ. మంచం కింద కుంపట్లో. బెజవాడ వన్ టౌన్ నుంచి తెప్పించా, పొగ రాని బొగ్గులు. నా పిల్లకి పొగ పడదు.”

“కిటికీ తెరిచే ఉంచారా?”

“కిటికీయా! బాలింత గదికా! సందుల్లో పాత చీరలు కుక్కానండీ, ఈ ముసురుగాలి ఇంత కూడా రాకుండా. మీరు పెద్ద చదువు చదివారు గానీ, మీకు పిల్లలు లేనట్టుంది.”

“ముగ్గురు.”

“మరి మిమ్మల్నెవరూ కుంపటి పెట్టి కాచలేదా?”

“మా అమ్మ కాచింది. మాది తాటాకిల్లు. వద్దన్నా గాలి వచ్చేది. పసిపిల్ల ఏదీ?”

“వరండాలో మా ఆయన దగ్గర. కళకళలాడుతోంది. రాత్రంతా గుక్కపట్టి ఏడ్చింది. తల్లి నిద్ర చెడుతుందని నేనే నా పక్కలోకి తెచ్చుకున్నా.”

“మంచిపని చేశారు. ఆ గదిలో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు. పిల్లి ఒకటి కుంపటి పక్కన పడుకుంది. పొద్దున తోక తొక్కినా లేవలేదు. ఇన్నేళ్లలో అంత బుద్ధిగా ఎప్పుడూ లేదు.”

“మార్తా! ఆక్సిజన్ సిలిండరు ఇటు తే. గ్లూకోజు సంగతి తర్వాత. మాస్కు గట్టిగా పట్టు, సందు లేకుండా.”

“ఏమైందండీ? పిల్లి పేరు చెప్పగానే...”

“మీ అమ్మాయి పెదాలు చూడండి. ఆరో రోజు బాలింత పాలిపోయి ఉండాలి. ఈమె పెదాలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి.”

“అది నేను పెట్టిన తిండండీ.”

“తిండి కాదమ్మా, కుంపటి. బొగ్గు కాలితే ఒక పాడుగాలి పుడుతుంది. దానికి వాసనుండదు, పొగుండదు. తలుపులు మూస్తే గదిలోనే తిరుగుతూ నెత్తుట్లో చేరుతుంది. ముందు తలనొప్పి. తర్వాత వాంతి. తర్వాత నిద్ర.”

“హాయిగా నిద్రపోయిందనుకున్నానండీ.”

“అందరూ అలాగే అనుకుంటారు.”

(రెండు గంటల తర్వాత.)

“డాక్టరమ్మా! నా వేలు పట్టుకుందండీ! కళ్లు తెరిచి మళ్లీ మూసింది!”

“తెరుస్తుంది. ఇంక ఫర్వాలేదు. ఆ కుంపటి మాత్రం...”

“పెంట మీద పారేయిస్తా. కిటికీ తలుపులు పీకించేస్తా.”

“పీకించక్కర్లేదు, తెరవండి చాలు. ఏమిటమ్మా? ఇప్పుడెందుకా కన్నీళ్లు?”

“ఒకటడగనా? మా పెద్దది, రాజ్యం. మూడేళ్ల కిందట పోయింది. ఐదో రోజు. నిద్రలోనే.”

“బిడ్డ?”

“ఇద్దరూ ఒకే పక్కలో.”

“గది అదేనా?”

“అదే గది.”

“అదే కుంపటా?”

“కుంపటి వేరండీ. అది చిన్నది.”

“మొహం ఎలా ఉంది, గుర్తుందా?”

“పెళ్లికూతురిలా ఉందన్నారు చూసినవాళ్లంతా. బుగ్గలు ఎర్రగా. పుణ్యాత్మురాలు, నవ్వుతూ పోయిందన్నారు. అప్పుడూ సన్నిపాతమే అన్నారండీ. ఎవరూ చూడకుండా దానికి కుండలోంచి చెంబుడు చన్నీళ్లు ఇచ్చారు. తల్లికి సన్ని కమ్మి, పాలలో బిడ్డకీ దిగిందన్నారు. ఇప్పుడు మీరు చూస్తే ఈ మాట అంటిరి. చెప్పండి తల్లీ. నీళ్లా? నేనా?”

“మార్తా, మాస్కు ఒకసారి చూడు.”

“మార్త వంక చూస్తారేం? నన్ను చూసి చెప్పండి.”

“నీళ్లే అయ్యుంటుందమ్మా.”

“అయ్యుంటుందా? నీళ్లేనా?”

“నీళ్లేనండీ. కుంపటి చిన్నదన్నారుగా.”

“చిన్నదే. ఇదిగో, ఇంతే.”

“అయితే మీ తప్పేం లేదు. వెళ్లి కాస్త కాఫీ తాగి రండి. పొద్దుట్నించీ ఏమీ తిన్నట్టు లేరు.”

“హమ్మయ్య! చల్లని మాట చెప్పారు. ఒక్కోసారి నాకే అనిపించేదండీ, ఊరికే దాన్ని ఆడిపోసుకుంటున్నానేమోనని. అయితే మూడేళ్లుగా నేనంటున్నది నిజమేనన్నమాట.”

“ఏమంటున్నారు?”

“అక్కని చంపుకున్నావే అని.”

“ఎవర్ని?”

“దీన్నేనండీ, హైమని. చెంబుతో నీళ్లిచ్చింది ఇదేగా. అప్పటికి దీనికి పదహారేళ్లు. అక్క అంతలా అడిగితే ఎలా ఇవ్వకుండా ఉండనమ్మా, అని ఏడ్చేది. ఇప్పుడు ఏడవదు. కాకపోతే నా ఎదుట మంచినీళ్లు తాగాలంటే ముందు నా మొహం చూసి తాగుతుంది. లేవనివ్వండి, చెప్తాను. డాక్టరమ్మగారు కూడా నీళ్లే అన్నారే, అయినా పోనీలే, నేను క్షమించేశాను అని.”

“మార్తా, ఆ స్టూలు ఇటు వెయ్యి. కూర్చోండి రత్నమ్మగారూ. కాఫీ తర్వాత తాగుదురుగాని. ఇందాక నేను మీకు అబద్ధం చెప్పాను.”