తొమ్మిదో మెట్టు
కరెంటు ప్యానెళ్ల షెడ్డులో మామగారు చెబుతుంటే కోడలు డ్రిల్లుతో ఇనుప పెట్టెకు బెజ్జం వేస్తోంది.

"మెట్టుమెట్టుకీ లావెక్కే ఈ డ్రిల్లు బిట్టు మీద అంకెలు అరిగిపోయాయి, మామయ్యా. ఎక్కడ ఆపాలి?"

"మనకి ఇరవై మిల్లీమీటర్లు కావాలి. కొన మెట్టు నాలుగు, ఆపైన రెండేసి పెరుగుతాయి. తొమ్మిదోది ఇరవై. అది దాటాక గుర్తుగా టేపు చుట్టు. టేపు దాటితే బెజ్జం పెద్దదవుతుంది; కేబుల్‌ని బిగించి పట్టే గ్లాండు వదులై పెట్టెలోకి నీళ్లు దిగుతాయి."

"స్పీడు?"

"నెమ్మదిగానే. నూనె చుక్క వెయ్యి."

కాసేపు డ్రిల్లు తిరిగింది.

"గ్లాండు బిగుతుగా కూర్చుంది, మామయ్యా."

"ఇకమీదట బెజ్జాలన్నీ నువ్వే వెయ్యమ్మా."

"మీరుండగా నేనెందుకు?"

"మొన్న రెండు పెట్టెలు పాడుచేశాను. బిట్టు మంచిది కాదని మీ ఆయనకి అబద్ధం చెప్పాను. నాకు మెట్లు కనబడట్లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆర్నెల్లు."

"చెప్పులేసుకోండి. కంటి డాక్టరు ఒంటిగంట దాకా ఉంటారు."